కొంగుముడి ఊడింది క్యాసెట్టులో కాదు

ప్రశ్న: మా అమ్మానాన్నల పెళ్లి 1992లో తణుకు దగ్గర పల్లెలో జరిగింది. పెళ్లి వీడియో ఒక్కటే వీహెచ్‌ఎస్ క్యాసెట్టు, దాదాపు మూడు గంటలు. వచ్చే నెల నాన్నగారి షష్టిపూర్తి. ఆ రోజు అందరి ముందూ టీవీలో వెయ్యాలని, తర్వాత చుట్టాలందరికీ తలా ఒక డీవీడీ ఇవ్వాలని నా ఆశ. బంధువుల ఇంట్లో పనిచేసే వీసీఆర్ దొరికింది. యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కొని లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. పరికరంలోంచి బొమ్మ వచ్చింది కానీ సౌండు రాలేదు. అందుకని వీసీఆర్ నుంచి వేరే వైరుతో లాప్‌టాప్ మైకు రంధ్రంలోకి సౌండు ఇచ్చాను. మొదట్లో అంతా బాగానే ఉంది. మాంగల్యధారణ దగ్గరికొచ్చేసరికి సౌండు అర సెకను వెనకబడింది. అప్పగింతల దగ్గర అయితే మూడు సెకన్లు. అమ్మమ్మ పెదాలు కదిలి ఆగిపోయాక ఆవిడ మాట వినిపిస్తోంది. ఆవిడ ఇప్పుడు లేరు, ఆ గొంతు ఇంకెక్కడా లేదు. నాలుగు డీవీడీలు రాశాను, నాలుగూ అంతే. మా ఊళ్లో ఒక షాపులో అడిగితే పాత క్యాసెట్టు కదా, సాగిపోయి ఉంటుంది, ఏమీ చెయ్యలేం అన్నారు. నిజమేనా? క్యాసెట్టును ఇక పక్కన పెట్టేయడమేనా?

జవాబు: కాదమ్మా. క్యాసెట్టును ఏమీ అనకండి, దాని తప్పు ఇందులో దాదాపు ఏమీ లేదు.

వీహెచ్‌ఎస్ టేపు అర అంగుళం వెడల్పు ఉంటుంది. తిరిగే డ్రమ్ము మీదున్న హెడ్డులు దాని మధ్యలో ఏటవాలు గీతలుగా బొమ్మను రాస్తాయి. మామూలు సౌండు మాత్రం టేపు అంచున, పాత పాటల క్యాసెట్టులో లాగా, పొడవునా ఒక సన్నని దారిలో ఉంటుంది. రెండూ ఒకే టేపు మీద ఉన్నాయి కాబట్టి టేపు నెమ్మదిగా నడిస్తే రెండూ నెమ్మదిస్తాయి, సాగితే రెండూ సాగుతాయి. బొమ్మ కొంగుకీ సౌండు ఉత్తరీయానికీ ముడివేసినట్టే. క్యాసెట్టులో ఆ ముడి ఊడడం కుదరదు. అనుమానముంటే వీసీఆర్‌ను నేరుగా టీవీకి కలిపి అప్పగింతల దగ్గర వేసి చూడండి. అమ్మమ్మ పెదాలూ మాటా కలిసే ఉంటాయి. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు, కానీ నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో ఒక్కరు కూడా ముందు ఇది చెయ్యరు.

ముడి ఊడింది మీ లాప్‌టాప్‌లో. అది ఎలా ఊడిందో మీ ఉత్తరంలో మీరే రాశారు. బొమ్మ ఒక దారిలో వెళ్లింది, సౌండు ఇంకో దారిలో వెళ్లింది.

యూఎస్‌బీ పరికరానికి లోపల తన గడియారం ఒకటి ఉంటుంది. లాప్‌టాప్ సౌండు కార్డుకు ఇంకో గడియారం. రెండూ చవక క్వార్ట్జ్ ముక్కల మీద నడుస్తాయి, ఏ రెండూ వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా కలిసి నడవవు. డీవీడీకి సౌండు సెకనుకు 48,000 సార్లు కొలిచి రాసుకోవాలి. మీ లాప్‌టాప్ గడియారం కాస్త తొందరపడి 48,014 సార్లు కొలిచిందనుకుందాం. ఆడించేటప్పుడు ప్లేయరు సెకనుకు 48,000 చొప్పునే ఆడిస్తుంది. అంటే ప్రతి సెకనుకీ 14 మిగిలిపోతాయి. గంటకు 50,400, అంటే సెకను పైమాటే. రెండు గంటల యాభై నిమిషాలకు దగ్గర దగ్గర మూడు సెకన్లు. అప్పగింతల దగ్గర మీరు చెప్పిన లెక్కకు ఇది సరిగ్గా సరిపోతోంది. పదివేలలో మూడు వంతుల తేడా అది. చేతి గడియారంలో అయితే రోజుకు అర నిమిషం కూడా తిరగదు, మనం పట్టించుకోము కూడా.

ఇంకో అనుమానితుడు కూడా ఉన్నాడు, వాణ్ని వదిలెయ్యలేం. మన దేశంలో వీడియోలకు వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే విడి విడి బొమ్మలు, ఒక్కో ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు. టేపు మీద మచ్చ ఉన్నచోట, చారలు పడ్డచోట, లేదా లాప్‌టాప్ మధ్యలో వేరే పని నెత్తినేసుకున్నప్పుడు, కొన్ని ఫ్రేములు అందకుండా పోతాయి. వాటి బదులు ఏదో ఒకటి పెట్టకుండా ప్రోగ్రాం ముందుకెళ్లిపోతే బొమ్మ ఆ మేరకు పొట్టిదవుతుంది. సౌండు మాత్రం పూర్తి పొడవూ ఉంటుంది. 75 ఫ్రేములు జారిపోతే మూడు సెకన్లు. ఇందులో కూడా సౌండే వెనకబడుతుంది.

ఇద్దరిలో ఎవరో తేల్చాకే చెయ్యి పెట్టాలి, ఎందుకంటే మందులు వేరు. మొదటిది జారుడుబల్ల, తేడా నున్నగా పెరుగుతూ పోతుంది. రెండోది మెట్లు, కాసేపు సమంగా ఉండి ఒకచోట దబ్బున పెరుగుతుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే తేడా ఉండే మూడో రకం కూడా ఒకటుంది. దానికైతే సౌండును మొత్తంగా ముందుకో వెనక్కో జరిపితే చాలు. మీది అది కాదు.

తేల్చడానికి కొలవాలి. మీరు రాసిన అర సెకను, మూడు సెకన్లు కంటి అంచనాలు. వాటినే పట్టుకుంటే, మాంగల్యధారణ వీడియోలో గంట దగ్గర వస్తుందనుకున్నా, అక్కడ అర సెకను కాదు, దాదాపు సెకను ఉండాలి. అయితే మీ అంచనా తప్పు, లేదా తర్వాత ఎక్కడో ఒక మెట్టు ఉంది.

కొలవడానికి చప్పట్లు కావాలంటారు సినిమావాళ్లు. మన పెళ్లి వీడియోలో అంతకంటే మంచి గుర్తులే ఉంటాయి. కొబ్బరికాయ కొట్టడం చూడండి. రాయికి తగిలిన ఫ్రేము ఒక్కటే ఉంటుంది, చప్పుడు కూడా ఎడిటింగ్ ప్రోగ్రాంలో కనిపించే సౌండు గీతలో సూదిమొనలా ఒక్కటే లేస్తుంది. గట్టిమేళంలో డోలు మీద కర్ర పడే దెబ్బలు కూడా పనికొస్తాయి, కానీ అవి చాలా ఉంటాయి కాబట్టి ఏ దెబ్బకు ఏ చప్పుడో తికమకపడతారు. మేళం మొదలయ్యే మొదటి దెబ్బ అయితే మంచిది. పురోహితుడు మైకులో "సుముహూర్తే సావధాన" అనేచోట ఆయన పెదాలు మూసి తెరిచే 'ము' దగ్గర పట్టుకోవచ్చు. అప్పగింతల దగ్గర మాటలే దిక్కు. అక్కడ 'ప', 'బ', 'మ' వచ్చే మాటలు వెతకండి, రెండు పెదాలూ కలిసే అక్షరాలు అవే. "అమ్మ" అన్న మాట అప్పగింతల్లో దొరక్కపోదు.

ఒక్క జాగ్రత్త. 1990లలో పెళ్లి వీడియోలు తీసినవాళ్లకు మిక్సింగ్ పిచ్చి ఎక్కువ. తలంబ్రాల మీద సినిమా పాట, ఊరేగింపు మీద ఇంకో పాట, భోజనాల మీద సన్నాయి ముక్క అతికేసేవాళ్లు. అక్కడ అసలు సౌండు ఉండదు, కాబట్టి కలవడం, కలవకపోవడం అనే మాటే లేదు. డోలు వాయిస్తున్న బొమ్మ కింద ఎప్పుడో వాయించిన డోలు వినిపిస్తుంటే, దానితో కొలిచి నేను ఒకసారి రెండు రోజులు పోగొట్టుకున్నాను. మైకు సొద, జనం గోల, పిల్లల ఏడుపు వినిపించేచోట్లనే కొలవండి. గోల ఉందంటే అది అసలు సౌండన్న మాట.

కొలవడానికి షాట్‌కట్ అనే ఉచిత ఎడిటింగ్ ప్రోగ్రాం చాలు. ఫైలు తెరిచి టైమ్‌లైన్ మీద వెయ్యండి, వీడియో మోడ్ పాల్ 25 ఫ్రేములకు పెట్టండి. బాణం గుర్తు మీటతో ఒక్కో ఫ్రేమూ జరుపుతూ కొబ్బరికాయ తగిలిన ఫ్రేము దగ్గర ఆగండి. కింద సౌండు గీతలో ముల్లు ఎన్ని ఫ్రేముల తర్వాత ఉందో లెక్కపెట్టి 40తో గుణిస్తే తేడా మిల్లీసెకన్లలో వస్తుంది. ఇలా మొదటి నుంచి చివరి దాకా ఆరేడు చోట్ల చేసి, లెక్కల నోటుపుస్తకంలో అడ్డంగా నిమిషాలు, నిలువుగా తేడా పెట్టి చుక్కలు పెట్టండి. స్కేలు ఆనిస్తే అన్ని చుక్కలూ గీత మీద పడ్డాయా, జారుడుబల్ల. రెండు మూడు ముక్కలుగా విరిగాయా, మెట్లు.

వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరులో జె నొక్కితే సౌండు 50 మిల్లీసెకన్లు ముందుకు వస్తుంది, కె నొక్కితే వెనక్కి పోతుంది. తొందరగా చూసుకోవడానికి అది బాగుంటుంది. కానీ అది ఆ ఒక్కసారి ఆడించడానికే, ఫైలులో ఏమీ మారదు. వీఎల్‌సీలో సర్దేసి, హమ్మయ్య అనుకుని, అదే ఫైలును డిస్కుకు రాసి మళ్లీ తల పట్టుకున్నవాళ్లు చాలామంది.

సరే, చుక్కలు గీత మీద పడ్డాయనుకుందాం. అప్పుడు మీ పని తేలిక, క్యాసెట్టు మళ్లీ వెయ్యక్కర్లేదు. ఉదాహరణకు పదో నిమిషం దగ్గర సౌండు 0.2 సెకను వెనక, నూట అరవయ్యో నిమిషం దగ్గర 2.9 సెకన్లు వెనక ఉందనుకోండి. నూట యాభై నిమిషాల్లో, అంటే 9,000 సెకన్లలో, తేడా 2.7 సెకన్లు పెరిగింది. 2.7ను 9,000తో భాగిస్తే 0.0003. సౌండును అంత మేర వేగం పెంచాలి, అంటే 1.0003 రెట్లు. ఫైలులోంచి సౌండును విడిగా వేవ్ ఫైలుగా (కుదించని సౌండు ఫైలు) తీసి ఆడాసిటీ అనే ఉచిత సౌండు ఎడిటింగ్ ప్రోగ్రాంలో తెరవండి. మొత్తం ఎంచుకుని, ఎఫెక్టుల్లో స్పీడు మార్చేది తీసి, పర్సెంట్ చేంజ్ (శాతం మార్పు) అన్న గడిలో 0.03 వెయ్యండి, 1.0003 రెట్లంటే అదే. తర్వాత మళ్లీ వేవ్‌గానే, 48,000తో దాచండి.

ఇక్కడ చాలామంది టెంపో మార్చేదాన్ని వాడమంటారు, గొంతు మారకూడదని. నేను వద్దంటాను. టెంపో మార్చేటప్పుడు ప్రోగ్రాం సౌండును ముక్కలు కోసి మళ్లీ అతుకుతుంది, సన్నాయి లాంటి సాగే స్వరంలో ఆ అతుకులు వణుకులా వినిపిస్తాయి. స్పీడు మారిస్తే శ్రుతి కూడా మారుతుంది, నిజమే. కానీ పదివేలలో మూడు వంతులు అంటే, ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే అందులో సగం భాగం. సంగీతం మాస్టారి చెవికి కూడా అది అందదు.

పదో నిమిషం దగ్గర మిగిలే తేడా చూసుకుందాం. 600 సెకన్లకు 0.18 సరిదిద్దుతాం, కొలిచింది 0.2. మిగిలింది 0.02, అర ఫ్రేము. దాన్ని వదిలెయ్యండి. ఎంత వరకు వదిలెయ్యొచ్చో చెప్పే లెక్క కూడా ఒకటుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం, సౌండు బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగడతాడు, వెనకొస్తే మాత్రం 125 దాకా పసిగట్టడు. ఈ పక్షపాతం ఎందుకో తెలియాలంటే చాకిరేవుకు వెళ్లాలి. అవతలి ఒడ్డున బట్ట బండకు తగిలాకే చప్పుడు వినిపిస్తుంది. సౌండు సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది కాబట్టి, వంద మీటర్ల అవతల బట్ట బాదితే మనకు అది మూడో వంతు సెకనుకు కాస్త తక్కువ ఆలస్యం. పుట్టినప్పటి నుంచి మన కళ్లకు, చెవులకు అదే అలవాటు. చప్పుడు ముందు, దెబ్బ తర్వాత అన్నది లోకంలో ఎక్కడా లేదు. అందుకని సర్దేటప్పుడు ఎటైనా కాస్త తప్పు పోవాల్సి వస్తే సౌండును వెనకపక్కకే వదలండి.

ఇప్పుడు చుక్కలు మెట్లుగా పడ్డాయనుకుందాం. అప్పుడు సౌండును సాగదీయడం, కుదించడం పనికిరాదు. మొదట్లో సరిగా ఉన్నది కూడా చెడుతుంది. ఏ మెట్టు ఎక్కడుందో పట్టుకుని, అక్కడ సౌండులోంచి ఆ మేరకు కత్తిరించాలి. మెట్టు సాధారణంగా చార పడ్డచోటో, కెమెరా ఆపి మళ్లీ మొదలుపెట్టినచోటో ఉంటుంది. మాటల మధ్యలో కాకుండా ఊరికే జనం గోల ఉన్నచోట 0.4 సెకను తీసేస్తే ఎవరికీ తెలీదు. రెండు మూడు మెట్లయితే చెయ్యండి. పదిహేనో ఇరవయ్యో ఉంటే మాత్రం ఆ ఫైలును తీసి పక్కన పెట్టి, క్యాసెట్టును మళ్లీ ఎక్కించండి. మూడు గంటలు క్యాసెట్టు ఆడడానికి పడుతుంది, మూడు రోజులు మెట్లు కత్తిరించడానికి పడుతుంది. మీకున్నది మూడు వారాలు.

అసలు నన్నడిగితే జారుడుబల్ల అయినా సరే, ఒకసారి మళ్లీ ఎక్కించమనే చెప్తాను. వీసీఆర్ మీది కాదు, రేపు దొరుకుతుందో లేదో. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్‌లు తయారు చేసిన జపాను కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది. ఇప్పుడున్నవన్నీ పాతవే, ఒక్కో బెల్టు తెగుతూ ఒక్కొక్కటే మూలపడుతున్నాయి.

ఎక్కించేముందు క్యాసెట్టు మూత ఎత్తి టేపు అంచులు వెలుతురులో చూడండి. గోదావరి గాలికి క్యాసెట్టులకు తెల్లటి బూజు పట్టడం మామూలు. పొడిలా తెల్లగా కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టొద్దు. హెడ్డులు పాడవుతాయి, ఆ బూజు తర్వాత పెట్టిన క్యాసెట్టుకు కూడా అంటుతుంది. శుభ్రం చేయించాకే పెట్టాలి. బూజు లేకపోతే ఒకసారి చివరిదాకా ఫార్వర్డు చేసి, మళ్లీ వెనక్కి చుట్టండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు అతుక్కుని ఉంటాయి, ఇలా చుడితే వదులై సమంగా నడుస్తుంది. వీసీఆర్ మెనూలో సిగ్నలు బలహీనమైతే నీలం తెర చూపించే ఏర్పాటు ఉంటే ఆపెయ్యండి. చారతో వచ్చినా పర్వాలేదు, నీలం తెర వచ్చిందంటే మాత్రం ఫ్రేములు పోయినట్టే.

ఇప్పుడు అసలు సంగతి, ఆ సౌండు పరికరంలోంచి ఎందుకు రాలేదన్నది. విండోస్ 10, 11లలో ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్ అనుమతి అని ఒకటుంటుంది. అది ఆపేసి ఉంటే యూఎస్‌బీ పరికరం సౌండు కూడా లోపలికి రాదు, ఎందుకంటే విండోస్ లెక్కలో అది కూడా మైకే. బొమ్మ వస్తుంది, సౌండు నిశ్శబ్దం. పరికరం పాడైందనుకుని చాలామంది మీలాగే మైకు రంధ్రం దారి పడతారు. అనుమతి ఇచ్చి, క్యాప్చర్ ప్రోగ్రాంలో సౌండు ఎక్కడి నుంచి రావాలో అడిగేచోట లాప్‌టాప్ మైకు కాకుండా ఆ పరికరం పేరే ఎంచండి. బొమ్మా సౌండూ ఒకే పరికరంలోంచి వస్తే రెండు గడియారాల గొడవ చాలావరకు పోతుంది.

మీ వీసీఆర్‌కు వెనక పసుపు, తెలుపు రెండే రంధ్రాలుంటే అది మోనో, అంటే సౌండు ఒక్క దారిలోనే వస్తుంది. పరికరం ఎరుపు పిన్ను ఖాళీగా ఉండనివ్వండి, ఒక పక్క స్పీకరులోనే సౌండు వస్తుంది. తర్వాత ఆడాసిటీలో దాన్నే రెండో పక్కకూ నకలు చేసుకోవచ్చు.

పరికరంతో వచ్చిన సీడీలోని ప్రోగ్రాం కంటే వర్చువల్‌డబ్ అనే క్యాప్చర్ ప్రోగ్రాం మేలు. చూడ్డానికి పాతకాలం ప్రోగ్రాం, అందం చందం లేదు. కానీ క్యాప్చర్ చేస్తున్నంతసేపూ పక్కన ఎన్ని ఫ్రేములు జారాయో, ఎన్ని బదులు పెట్టిందో అంకె చూపిస్తూ ఉంటుంది. దాని టైమింగ్ సెట్టింగుల్లో సౌండు వేగాన్ని బొమ్మకు తగ్గట్టు సర్దే ఏర్పాటు ఉంది, దాన్ని ఆన్ చెయ్యండి. మొదటి పది నిమిషాల్లో జారినవి రెండు మూడైతే కానివ్వండి. నిమిషానికి ఇరవై జారుతుంటే ఆపేసి కారణం వెతకండి. లాప్‌టాప్ చార్జర్ పెట్టి ఉందా, పవర్ సేవర్ ఆగిందా, వైఫై కట్టేశారా, యాంటీవైరస్ స్కానింగ్ మొదలుపెట్టిందా చూడండి. యూఎస్‌బీ హబ్బులో కాకుండా నేరుగా లాప్‌టాప్‌కే గుచ్చండి. డిస్కులో చోటు కూడా కావాలి. డీవీ అనే, కాస్త మాత్రమే కుదించే పద్ధతిలో దాచినా గంటకు 13 జీబీ, మూడు గంటలకు 40 జీబీ. అవుతున్నంతసేపూ ఆ లాప్‌టాప్‌లో ఇంకేం చెయ్యొద్దు. పిల్లలకు గేము ఆడుకోవడానికి ఇస్తే ఆ గేమంతా మెట్ల రూపంలో మీ అమ్మానాన్నల పెళ్లి వీడియోలో కనిపిస్తుంది.

ఫైలు సరిగా వచ్చాక, లేదా పాతదాన్ని సరిచేశాక, డిస్కు సంగతి. మీరు నాలుగు డీవీడీలు పాడు చేసింది ఇక్కడ తేడా పోతుందన్న నమ్మకంతో. కొందరు నెమ్మదిగా రాస్తే సౌండు కలుస్తుందంటారు. రాసే వేగానికీ దీనికీ సంబంధం లేదు. డిస్కు ఉన్నది ఉన్నట్టు రాసుకుంటుంది, తప్పుతో సహా. ముందు డీవీడీలు తయారు చేసే డీవీడీస్టైలర్ లాంటి ప్రోగ్రాంతో పాల్, 48,000 పెట్టి హార్డుడిస్కులో ఒక ఫోల్డరుగా తయారు చేయించండి. ఆ ఫోల్డరును వీఎల్‌సీలో ఆడించి, మీ నోటుపుస్తకంలో చుక్కలు పెట్టిన చోట్లకే వెళ్లి చూడండి. అక్కడ కలిస్తే అప్పుడు ఒక రీరైటబుల్ (చెరిపి మళ్లీ రాయగల) డిస్కుకు రాసి టీవీలో చూడండి. అది కూడా బాగుంటేనే చుట్టాలకిచ్చే డిస్కులు ముట్టుకోండి.

ఇంకో మాట. రెండు గంటల యాభై నిమిషాలూ ఒకే డిస్కులో కుక్కొద్దు. 4.7 జీబీలో అంత నిడివి పెడితే సెకనుకు బొమ్మకు దక్కేది మూడున్నర మెగాబిట్లే, వీహెచ్‌ఎస్ బొమ్మలోని ఇసకరాలినట్టుండే మచ్చలకు అది చాలదు, ముఖాలు గళ్లు గళ్లుగా విడిపోతాయి. రెండు డిస్కులు చెయ్యండి. మొదటిది స్నాతకం నుంచి తలంబ్రాల దాకా, రెండోది తర్వాతది. కోసేటప్పుడు బొమ్మనూ సౌండునూ కలిపే కొయ్యండి, విడివిడిగా కాదు. కోసిన ముక్క మొదట్లో మళ్లీ ఒకసారి చూసుకోండి, ఎందుకంటే కొన్ని ప్రోగ్రాములు కోతపెట్టినచోట సౌండును కొన్ని ఫ్రేములు పక్కకు జరుపుతాయి. ఒకే డిస్కు కావాలంటే వెడల్పు 352, ఎత్తు 576 పెట్టొచ్చు. పాల్ డీవీడీకి అది చెల్లుతుంది, వీహెచ్‌ఎస్‌లో ఎలాగూ అంతకుమించిన వివరం ఉండదు.

మీరు రాయలేదు కానీ నేను ఊహిస్తున్నాను, వీడియో ముందు విదేశాల్లో ఉన్న పిల్లలు, మనవలు ఫోనులో తీసి పంపిన శుభాకాంక్షలు అతుకుతారు. అందరూ అతుకుతారు. ఫోను వీడియోలో సెకనుకు ఫ్రేములు ఒకేలా ఉండవు, వెలుతురు తగ్గితే ఫోను తనంతట తనే తగ్గించేస్తుంది. దాన్ని నేరుగా 25 ఫ్రేముల వీడియోకు అతికితే కొన్ని ప్రోగ్రాముల్లో అక్కడి నుంచి మళ్లీ జారుడు మొదలవుతుంది. ఒక్కో ఫోను వీడియోను ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రాంలో వేసి, ఫ్రేము రేటు 25, కాన్‌స్టంట్ అని పెట్టి మార్చుకున్నాకే అతకండి. ఇంకోటి, అమెరికాలో ఉన్న చుట్టాలకు డిస్కు పంపితే అక్కడి ప్లేయర్లలో చాలావాటికి పాల్ డిస్కు పడదు. ఆ ఒక్కరి కోసం అక్కడి పద్ధతైన 29.97 ఫ్రేములకు మార్చి కొత్త తేడాలు తెచ్చుకోవద్దు. వాళ్లకు ఫైలు పంపించండి.

షష్టిపూర్తి రోజు పెద్ద టీవీకి బ్లూటూత్ స్పీకరు కలుపుదామనే ఆలోచన ఉంటే మానండి. బ్లూటూత్ దారిలో సౌండు పదో వంతు సెకను, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆలస్యం అవుతుంది. మీరు ఇంత కష్టపడి కలిపినదాన్ని ఆ స్పీకరు ఆఖరి నిమిషంలో విడదీస్తుంది. వైరుతో కలపండి. షామియానా వాళ్ల మైకుసెట్టు అయినా ఫర్లేదు, వైరు ఉంటే చాలు. ముందురోజు సాయంత్రమే ఒకసారి వేసి చూసుకోండి, అప్పుడు తేడా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది స్పీకరును, డిస్కును కాదు. మీ డిస్కు అప్పటికే పరీక్ష పాసైంది కదా.

క్యాసెట్టును పక్కన పెట్టెయ్యాలా అన్నారు. పెట్టండి, కానీ పారెయ్యొద్దు. చివరిదాకా వెనక్కి చుట్టి, పెట్టెలో నిలువుగా నిలబెట్టి, టీవీ మీదా స్పీకరు పక్కనా కాకుండా బీరువాలో తేమ తగలని అరలో ఉంచండి. మీరు ఎక్కించిన పెద్ద ఫైలును, డీవీడీకి కుదించిన దాన్ని కాదు, రెండు వేరువేరు హార్డుడిస్కుల్లో దాచి, ఒకటి అక్కయ్య ఇంట్లోనో పిన్ని ఇంట్లోనో ఉంచండి.

రీరైటబుల్ డిస్కు టీవీలో వేసినప్పుడు గణపతి పూజ దగ్గర మొదలుపెట్టకండి. రెండో డిస్కు పెట్టి నేరుగా అప్పగింతల దగ్గరికి వెళ్లండి. తేడా అంతా పోగుపడేది చివర్లోనే, అక్కడ కలిస్తే మిగతా అంతా కలిసినట్టే. అమ్మమ్మ మాట్లాడేచోట 'అమ్మ' అన్న మాట ఉంటే ఆ ఒక్క మాట దగ్గర ఆపి, ఫ్రేము ఫ్రేమూ జరిపి చూడండి. పెదాలు కలిసినప్పుడే 'మ్మ' వినిపిస్తోందా? మాట రెండు మూడు ఫ్రేములు వెనకొచ్చినా, ఒక్క ఫ్రేము ముందొచ్చినా ఇంకేం ముట్టుకోవద్దు. అంతకంటే ఎక్కువుంటే నోటుపుస్తకంలో పెట్టిన చుక్కల ఫొటో తీసి పంపండి, ఎన్ని రెట్లు వెయ్యాలో లెక్కగట్టి రాస్తాను.